నాయన అంటే ఒక్కడేనని ఎవరన్నారు?

‘నాయన’ అనే మాటకు మొదట ఏం అర్థం ఉండేది, అది కాలంతో ఎట్టా మారింది, మా పాప డాడీ అంటోంది, మాన్పించి నాయనా అనిపించమంటారా అని మీరు అడిగారు. మాట పుట్టుక సంగతి పండితులు చూసుకుంటారు. పాత శాసనాల్లో దొరల పేర్ల చివర ‘నాయనింగారు’ అని కనిపిస్తుంది. దానికీ మా ఇంట్లో నాయనకూ చుట్టరికం ఉందో లేదో వాళ్లే తేల్చుకోనీండి. నేను నెల్లూరు సీమలో మా ఉలవపాడు పక్క సంగతి చెప్తాను. నన్నడిగితే ఆ మాటకు వచ్చిన మార్పు ఒక్కటే. అప్పట్లో ఇంటికి ముగ్గురు నలుగురు నాయనలు ఉండేవాళ్లు. ఇప్పుడు ఒక్కడు మిగిలాడు. మిగతావాళ్లంతా అంకుళ్లయిపోయారు.

మాది ఉమ్మడి కుటుంబం. నన్ను కన్నాయన ముగ్గురు అన్నదమ్ముల్లో పెద్దవాడు, కానీ నేను లేకలేక ఆలస్యంగా పుట్టాను. నేను పుట్టేసరికే ఆయన తర్వాతి తమ్ముడికి, అంటే మా చిన్నాయనకు, ఇద్దరు పిల్లలు. ఇంట్లో మా తండ్రిని తమ్ముళ్లిద్దరూ ‘అన్నా’ అనేవాళ్లు, పాలేళ్లు అన్నా అనేవాళ్లు, ఊళ్లో సగం మంది అన్నా అనేవాళ్లు. చెవిన పడిందే నా నోటికీ వచ్చింది. ఆయన్ను నేను కూడా అన్నా అనే పిలిచాను. చిన్నాయన పిల్లలు వాళ్ల నాయనను నాయనా అంటుంటే విని, ఆయన్ను నేనూ నాయనా అన్నాను. దిద్దాలని ఎవరికీ తోచలేదు. మా అమ్మ ఒక్కతే అప్పుడప్పుడు "ఒరేయ్, ఆయన నీకు అన్నేందిరా" అని నవ్వేది. ఇదేదో మా ఇంటి వింత అనుకోబాకండి. ఉమ్మడి ఇళ్లల్లో పెరిగినవాళ్లను కదిలించి చూడండి. తండ్రిని అన్న అన్నవాళ్లు, తల్లిని వదినా అన్నవాళ్లు, అమ్మమ్మను అమ్మ అన్నవాళ్లు బోలెడుమంది తేలతారు.

1986 జూన్‌లో నన్ను బళ్లో వెయ్యాలి. మా అన్న, అంటే మా తండ్రి, ఒంగోలులో పొగాకు బేళ్ల కాడ ఉన్నాడు. వేలం పాటల పద్ధతి అంతకు ముందు ఏడే, 1985లో, మన రాష్ట్రంలోకి వచ్చింది. రైతులకు ఇంకా అలవాటు కాలేదు. గ్రేడు ఏం కడతారో, పాట ఎంత దాకా పోతుందో తెలియక, సరుకు వదిలి ఇంటికి రాబుద్ధి అయ్యేది కాదు ఎవరికీ. అందుకని నన్ను చిన్నాయన తీసుకుపోయాడు. మామిడి కాపు ఆఖరికొచ్చిన రోజులు. తెల్లారుజామున తోటలో కాయ దించి, లారీకెత్తించి, అట్నుంచి అటే వచ్చాడు. చొక్కా మీద సొన మరకలు, చేతికి పుల్లటి వాసన. ఆ మరకలు ఎంత ఉతికినా పోవు. అప్పటి మా ఇంటి ఫొటోల్లో అందరి చొక్కాలకూ ఉన్నాయి.

అయ్యవారు వసారాలో బల్ల వేసుకుని రిజిస్టరు తెరుచుకుని కూర్చున్నాడు. నా పేరడిగాడు, చెప్పాను. "మీ నాయన పేరేందిరా?" అన్నాడు. చిన్నాయన పేరు చెప్పాను. ఆ సమయానికి చిన్నాయన గడప అవతల నిలబడి ఎవరితోనో కాయ రేటు మాట్లాడుతున్నాడు. "తమరేనా?" అని అయ్యవారు ఆ పేరు పెట్టి కేకేశాడు. "నేనేనండీ" అంటూ వచ్చాడు. పేరు ఆయనదే, నేనేనండీ అనక ఏమంటాడు?

తర్వాత పుట్టిన తేది. చిన్నాయనకు తేదీ తెలియదు. "మా ఎగువ తోటలో అంట్లు నాటినాం సూడండి, ఆ ఏడు. వీడి పురుటి నీళ్లకూ అంట్లకూ ఒకటే బావి" అన్నాడు. అయ్యవారికి మా తోట లెక్కలు అక్కర్లేదు. ఐదేళ్లు నిండేట్టు ఒక జూన్ తేదీ వేసుకున్నాడు. ఆ తేదీకే ఇప్పటికీ ఆఫీసులో నాకు కేకు కోయిస్తున్నారు. ఆ తర్వాత పుట్టుమచ్చలు, రెండు కావాలి. ఇక్కడ మాత్రం చిన్నాయన తడుముకోలేదు. "ఎడం మోకాలి కింద ఒకటి, వీపున కుడిరెక్క కాడ ఒకటి" అని చూడకుండానే చెప్పాడు. అయ్యవారు నమ్మక చొక్కా ఎత్తమన్నాడు. ఎత్తి చూపించారు, ఉంది. నా వీపున మచ్చ ఉన్నట్టు నాకు ఆ రోజే తెలిసింది. పొద్దున్నే బావి కాడ పిల్లలందరినీ వరసగా నిలబెట్టి నీళ్లు పోసేది చిన్నాయనే మరి. రిజిస్టరులో ‘తండ్రి లేక సంరక్షకుని సంతకం’ అన్న గడిలో సంతకం పెట్టి, నాకు ఒక బలపం కొనిచ్చి, మళ్లీ తోటకు పోయాడు.

పదో తరగతి మెమోలో తండ్రి పేరు చూసి ఇంట్లో అందరూ పడీ పడీ నవ్వారు. మా అన్న కూడా నవ్వాడు. "ఇంటిపేరు మందేగా, పోనీండి" అన్నాడు. మా చిన్నమ్మ మాత్రం "అయితే రేపు భాగాలప్పుడు మా వాటాలో వీడికో పాలు పెట్టాలేమో" అంది. హాస్యానికే అంది. భాగాల మాట ఆ ఇంట్లో పైకి వినపడింది అప్పుడే అని నాకు గుర్తు. ఆ తర్వాత కొన్నేళ్లకు నిజంగానే పంచుకున్నారు. ఎగువ తోట చిన్నాయనకు పోయింది, పొగాకు ఆరబెట్టే బేరనూ మెట్ట పొలమూ మాకొచ్చాయి. అప్పటి నుంచి నన్ను ఇంట్లో అందరూ దిద్దడం మొదలుపెట్టారు. "ఆయన చిన్నాయన. నాయన కాదు." పుట్టినప్పటి నుంచి ఎవరికీ పట్టని సంగతి భాగాలు కాగానే అందరికీ పట్టింది. మాట అర్థం ఎప్పుడు మారిందని అడిగారు కదా, మా ఇంట్లో అయితే రిజిస్ట్రారు ఆఫీసులో మారింది.

మద్రాసులో ఉద్యోగం చేస్తూ పాస్‌పోర్టుకు పెట్టుకున్నప్పుడు అసలు కథ మొదలైంది. రేషన్ కార్డులో ఒక పేరు, మెమోలో ఒక పేరు. "దత్తత పోయారా?" అన్నారు. లేదన్నాను. "మరి ఈయన ఎవరు?" చిన్నాయన అంటే వాళ్ల కాగితంలో అట్టాంటి గడి లేదు. మెమో దిద్దించుకు రమ్మన్నారు. మెమో దిద్దాలంటే మొదటి బడి రిజిస్టరు కావాలన్నారు. ఊరికెళ్లి ఆ బడి గుమస్తాతో చెదలు కొట్టిన పుస్తకాలన్నీ దింపించి ఆ పేజీ పట్టాను. గుమస్తా చిన్నాయన సంతకం మీద వేలు పెట్టి "ఇది మీ నాయనదేనా?" అన్నాడు. "మా నాయనదే" అన్నాను, అలవాటుకొద్దీ. ఆయన పెన్ను మూసేసి, "ఇంకేం మరి, దిద్దేదేముంది?" అన్నాడు. ఆ పూటంతా ఆయనకు మా ఇంటి వరసలు ఒప్పజెప్పడంతోనే సరిపోయింది.

ఇక్కడొక మాట. ఈ కాగితాల మీద నాకు పాత కోపం ఉంది. ఆడవాళ్లకు ‘తండ్రి/భర్త పేరు’ అని ఒకే గీత గీసి ఇస్తారు, ఆ ఇద్దరూ ఒకరికొకరు బదులన్నట్టు. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం పిల్లవాడికి సహజ సంరక్షకుడు తండ్రి అనీ, ‘ఆయన తర్వాత’ తల్లి అనీ రాసింది. ఆ ‘తర్వాత’ అంటే తండ్రి చనిపోయాక అని కాదు, తండ్రి లేనప్పుడు, పట్టించుకోనప్పుడు కూడా అని సుప్రీంకోర్టు 1999లో చెప్పేదాకా తల్లులు ఆగాల్సి వచ్చింది. అదే చట్టంలో తండ్రి అంటే మారు తండ్రి కాడని కూడా ప్రత్యేకంగా రాశారు. పాస్‌పోర్టుకు తల్లిదండ్రుల్లో ఒక్కరి పేరు చాలని 2016 డిసెంబరులో అన్నారు. సంతోషం. నా పని అప్పటికే అయిపోయింది.

చట్టం కన్నా మన పాత శ్లోకం నయం. కన్నవాడు, ఉపనయనం చేసినవాడు, చదువు చెప్పినవాడు, అన్నం పెట్టినవాడు, భయం నుంచి కాపాడినవాడు, ఈ ఐదుగురూ తండ్రులే అంటుంది చాణక్య నీతి. ఆ లెక్కన నన్ను బళ్లో చేర్చుకున్న అయ్యవారూ తండ్రే. ఆ పిలుపులోనే అయ్య ఉన్నాడు చూడండి. కాళిదాసు రఘువంశంలో దిలీపుడి గురించి చెప్తూ, ప్రజలకు ఆయనే తండ్రి, వాళ్ల తండ్రులు పుట్టుకకు కారణం మాత్రమే అన్నాడు. రాజును పొగడటానికి అన్నాడనుకోండి, మాట మాత్రం నిక్కం. వరసలు రక్తంతోనే రావాలని మా నెల్లూరు సీమ ఎన్నడూ అనుకోలేదు. 13వ శతాబ్దంలో మనుమసిద్ధి రాజు తిక్కనను మామా అనేవాడు. నిన్ను మామ అంటున్నాను కదా, నీ కవితాకన్యను నాకివ్వు అని చనువుగా అడిగి కావ్యం రాయించుకున్నాడు.

నాయనలో నాకు బాగా నచ్చే సంగతి ఇంకొకటి. అది రెండు వైపులా పోయే పిలుపు. కొడుకు తండ్రిని నాయనా అంటాడు, తండ్రి కొడుకునూ "ఇట్టా రా నాయనా" అంటాడు. ముసలమ్మ బస్సులో కుర్ర కండక్టరును "కావలి వస్తే చెప్పు నాయనా" అంటుంది. డాడీతో ఈ పని జరగదు, కొడుకును పట్టుకుని "ఇట్టా రా డాడీ" అని చూడండి. మద్రాసులో తమిళం వాళ్లు కూడా తండ్రిని ‘నైనా’ అనడం విన్నప్పుడు నాకు ఎంత సంబరమో. మాట మన దగ్గర్నుంచే పోయిందని నా గట్టి నమ్మకం, ఎవరొచ్చి కాదన్నా వినను.

అబ్బ అనే మాట గతి వేరు. మా అమ్మ పుట్టిల్లు ఉదయగిరి వైపు, అక్కడ అబ్బ అంటే తాత, నాయనకు నాయన. నెల్లూరులో నాతో గదిలో ఉన్న ముస్లిం స్నేహితుడికి అబ్బా అంటే తండ్రి. చర్చిలో చదివే తెలుగు బైబిలులో ‘అబ్బా తండ్రీ’ అని ఉంటుంది, అది యేసు మాట్లాడిన అరామిక్ మాట. ఒకసారి మా మేనమామ కొడుకు ఫోన్ చేసి "మా అబ్బ పోయినాడు" అంటే, నా గదిలోవాడు వాళ్ల నాయన పోయాడనుకుని పాపం ఏడ్చినంత పని చేశాడు. ఇన్ని ఇళ్లల్లో గౌరవంగా ఉన్న ఆ మాటను తగాదాల్లో తిట్టు చేసి పెట్టాం. దెబ్బ తగిలితే మటుకు మళ్లీ అబ్బా అనే అంటాం.

సీరియళ్ల వాళ్లను ఏమనాలో తెలియదు. వాళ్ల తెలుగులో ఇంటి మనుషులంతా "నాన్నగారూ" అంటూ చేతులు కట్టుకు నిలబడతారు. నెల్లూరు యాసలో నాయనా అనే మనిషి తెరమీద కనపడ్డాడంటే నవ్వించడానికో నరకడానికో వచ్చినట్టే.

ఇక మీ పాప సంగతి. డాడీ అంటే అననివ్వండి, కొంపేం మునగదు. డాడీ అనే పిల్లలు కూడా మీ అమ్మగారిని నానమ్మ అనే అంటున్నారు. ఆ నానమ్మలో నాయన ఉండనే ఉన్నాడు, ఇప్పట్లో ఎక్కడికీ పోడు. నాకు కడుపు మండేది ఇంకో చోట. మా చిన్నాయన చిన్న కొడుకు, నాకు తమ్ముడు, నాతో ఒకే బావి కాడ నీళ్లు పోసుకున్నవాడు, ఇంటికొస్తే మా వాడు "హాయ్ అంకుల్" అన్నాడు. పక్క ఫ్లాట్ ఆయనా అంకులే, కొరియర్ తెచ్చినాయనా అంకులే. మా వాడికి ఒకటే షరతు పెట్టాను: చిన్నాయనా అనకపోతే ఎండాకాలం ఎగువ తోట కాయ ముట్టుకునేది లేదని. వారంలో దారికొచ్చాడు. మీకు తమ్ముడుంటే ముందు ఆ పని చూడండి. తోట లేకపోతే ఐస్‌క్రీముతో కూడా అవుతుంది.