ముందు ‘వద్దు’ అనడం నేర్పమ్మా

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఆటిజం ఉన్న మన బాబును నలుగురిలో మెలగడం నేర్పే థెరపిస్టు దగ్గర చేర్చబోతున్నానని, ఈలోగా ఇంట్లో ఏమేం మొదలుపెట్టాలో చెప్పమని రాశావు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల బడిలోనే నా ఉద్యోగమంతా గడిచింది కాబట్టి తెలిసింది చెబుతాను. నీ జాబితాలో మొదటిది కళ్లలోకి చూసి మాట్లాడటం, రెండోది పెద్దలకు నమస్కారం పెట్టడం. ఆ రెండూ పక్కన పెట్టు. ముందు వాడికి ‘వద్దు’, ‘చాలు’, ‘సాయం చెయ్యి’ అనడం రావాలి. అవి రాని పిల్లవాడికి ఏడవడం, కొరకడం తప్ప వేరే దారి ఉండదు. పైగా పెద్దలు ఏం చెప్పినా తల ఊపడమే అలవాటు చేస్తే, రేపు ఎవరైనా వాడితో తప్పుగా ప్రవర్తించినా అడ్డు చెప్పలేడు, నీ దగ్గరికి వచ్చి చెప్పుకోలేడు.

‘వద్దు’ నోటితోనే అనాలని లేదు. అరచెయ్యి అడ్డుపెట్టినా, బొమ్మ కార్డు చేతికిచ్చినా, ఫోనులో బొమ్మ నొక్కినా అది మాటే. కార్డులు అలవాటైతే ఇక మాటలు రావేమోనని మీ అత్తగారి భయం. కార్డులు మాటకు అడ్డు రావని పరిశోధనల్లో తేలింది, కొందరు పిల్లల్లో మాటలు పెరిగాయి కూడా. అయితే వాడు చెప్పిన ‘వద్దు’ చెల్లాలి. పెరుగన్నం వద్దంటే ముద్ద అక్కడితో ఆగాలి. పళ్లు తోముకోవడం లాంటివి మానడానికి వీల్లేదు కదా అంటావేమో. అలాంటి చోట ‘స్నానానికి ముందా, తర్వాతా?’ అని అడిగి, వాడు ఎంచుకున్నట్టే చెయ్యి.

దాహమేస్తే వాడు ‘నీకు నీళ్లు కావాలా?’ అంటున్నాడని బెంగపడ్డావు. గ్లాసు చేతికి వచ్చే ముందు వాడు రోజూ నీ నోట వినే వాక్యం అదే. నీళ్లు రావాలంటే ఆ వాక్యం పలకాలని గ్రహించి వాడుతున్నాడు. ఇలా విన్నది తిరిగి పలకడం వెనుక పిల్లల ఉద్దేశం ఉంటుందని అమెరికాకు చెందిన స్పీచ్ థెరపీ నిపుణుడు బారీ ప్రైజాంట్ 1980ల్లోనే వివరించారు. ‘అలా కాదు’ అని దిద్దకు. గ్లాసు అందిస్తూ, వాడి తరఫున నువ్వే ‘నాకు నీళ్లు కావాలి’ అను, చాలు. వెంటనే వల్లె వేయించకు. ఏదైనా అడిగాక మనసులో పది లెక్కపెట్టేదాకా ఆగు. మన ఇళ్లలో ఒక్క ప్రశ్నను నలుగురు నాలుగు రకాలుగా అడుగుతారు. వాడు మొదటిదానికి జవాబు కూడదీసుకునేలోగా మూడోది వచ్చి పడుతుంది.

ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడమని ఎవరో చెప్పారట, ఆ సలహా వినకు. రెండు భాషలు వింటూ పెరిగినంత మాత్రాన ఆటిజం ఉన్న పిల్లలు వెనకబడతారన్న దానికి ఆధారాల్లేవు. తాతయ్య, నానమ్మ తెలుగులో మాట్లాడే ఇంట్లో తెలుగు రాకపోతే వాడు ఎవరితో మాట్లాడాలి?

వచ్చే నెల పెళ్లికి ఒక చిన్న పుస్తకం తయారు చెయ్యి. అమెరికాలో కెరోల్ గ్రే అనే ఉపాధ్యాయురాలు 1990ల తొలినాళ్లలో మొదలుపెట్టిన పద్ధతి ఇది. కల్యాణ మండపం ఫోటో అంటించి, కింద పెద్ద అక్షరాలతో రాయి: ‘పెళ్లికి చాలామంది వస్తారు. సన్నాయి, డోలు మోగుతాయి. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు గట్టిమేళం అంటారు. అప్పుడు చప్పుడు బాగా పెరుగుతుంది. కాసేపటికి తగ్గుతుంది. నేను చెవులు మూసుకోవచ్చు. అమ్మతో బయటికి వెళ్లవచ్చు.’ ఏం జరుగుతుందో చెప్పే వాక్యాలే ఎక్కువ ఉండాలి. ‘నేను అల్లరి చేయను’ లాంటివి రాయకు. రోజూ ఒకసారి, వాడు కుదురుగా ఉన్నప్పుడు చదివి వినిపించు. బుగ్గలు గిల్లవద్దని, దూరం నుంచి చెయ్యి ఊపితే చాలని బంధువులకు ముందే ఫోను చేసి చెప్పడం నీదీ, అల్లుడిదీ బాధ్యత. మొహమాటపడకండి.

నేర్చుకోవాల్సింది వాడొక్కడే అనుకోవద్దు. తనకూ ఆటిజం ఉన్న బ్రిటిష్ పరిశోధకుడు డామియన్ మిల్టన్ 2012లో ఈ మాటే గట్టిగా చెప్పారు: ఒకరినొకరు అర్థం చేసుకోలేకపోవడం రెండు వైపులా ఉన్న ఇబ్బంది అని. 2020లో ప్రచురించిన ఒక ప్రయోగంలో ఒక కథను ఒకరి నుంచి ఒకరికి ఎనిమిది మంది దాకా చెప్పించారు. అందరూ ఆటిజం ఉన్నవారైన వరసలో కథ, అది లేనివారి వరసలో నిలిచినంత బాగానే నిలిచింది. రెండు రకాల వాళ్లూ కలిసిన వరసలోనే ఎక్కువగా జారిపోయింది. అందుకే వాడిలాంటి పిల్లలతో స్నేహం కుదర్చు. వాడికి రైళ్లంటే ప్రాణం కదా, రైళ్లంటే ఇష్టపడే మరో పిల్లవాడు దొరికితే ఇద్దరినీ ఒక టైమ్‌టేబుల్ ముందు కూర్చోబెట్టు. మధ్యలో దూరి మాట్లాడించే ప్రయత్నం చేయకు.

థెరపిస్టును ఎంచుకునేటప్పుడు తొందరపడకు. మేధో వైకల్యం ఉన్నవారి కోసం సికింద్రాబాద్‌లో 1984 నుంచి ఉన్న జాతీయ సంస్థ నీపిడ్‌లో తల్లిదండ్రులకు సలహాలు ఇస్తారు, ఒకసారి వెళ్లి కలువు. ఎక్కడ చేర్చినా, పిల్లవాడు ఏడిస్తే ఏం చేస్తారని అడుగు. కళ్లలోకి చూసేదాకా బిస్కెట్టు ఇవ్వం అనే చోట చేర్చకు. బలవంతంగా మామూలుగా ఉన్నట్టు నటించే పిల్లలు బడిలో బుద్ధిగా కూర్చుని, ఇంటికొచ్చాక కుప్పకూలిపోతారు. అలాంటివాళ్లను చాలామందిని చూశాను. గదిలో నువ్వూ కూర్చోవచ్చా అని అడుగు. తల్లి బయటే ఉండాలని పట్టుబడితే, డబ్బు కట్టకుండా వచ్చెయ్యి.

మీ పెద్దమ్మ