ముందు డాక్టరువి అవ్వు, తల్లీ

చిట్టితల్లీ,

నువ్వు ఉద్యోగం మానేసి మెడిసిన్ చదువుతానంటున్నావని, ఆ తర్వాత సైకియాట్రిస్టువి అవుతానంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. దాని గొంతంతా భయం, నాకేమో పట్టరాని సంతోషం. మన ఇంట్లో నా తర్వాత ఈ దారిన వచ్చినవాళ్ళు లేరు. తీరా ఫోన్ పెట్టేశాక నాకూ నిద్ర పట్టలేదు. అందుకే రాస్తున్నాను. ముప్పై దాటినా పెద్దమ్మ ఇంకా చిన్నపిల్లకు చెప్పినట్టు చెబుతోందని విసుక్కోకుండా చివరిదాకా చదువు.

తేలిక సంగతులు ముందు చెప్పేస్తాను. ఎంట్రన్సుకి ఫిజిక్సు, కెమిస్ట్రీ మొదటి పేజీ నుంచి చదువు, గుర్తుంది కదా అని వదిలెయ్యకు. డబ్బు లెక్క నాకంటే నువ్వే బాగా వేస్తావు, ఇన్నేళ్ళు ఆడిటింగ్ చేసినదానివి. జీతం రాని ఏళ్ళు కూడా ఖర్చు కిందే రాసుకో. క్లాసులో నీ పక్కన పద్దెనిమిదేళ్ళ పిల్లలు కూర్చుంటారు. నీకంటే చిన్నవాడు సీనియరై, శాంపిల్ ఇంకా ల్యాబుకి పంపలేదేమని కసురుకుంటాడు. మొదట్లో మనసు చివుక్కుమంటుంది, తర్వాత అలవాటవుతుంది. పేషెంట్లు మాత్రం నీ వయసు చూసి నువ్వే పెద్ద డాక్టరమ్మవనుకుని అన్నీ నిన్నే అడుగుతారు. తెలియనిది తెలిసినట్టు చెప్పకు. "కనుక్కుని వచ్చి చెబుతానమ్మా" అను, అన్నట్టే వెనక్కి వచ్చి చెప్పు.

ఇంకో ప్రశ్న ఉంది. దీనికి మాత్రం తొందరపడి జవాబు చెప్పకు. నీకు కావాల్సింది మనుషుల దగ్గర కూర్చుని వాళ్ళ బాధ విని, మాటలతో ఒడ్డుకు చేర్చడమే అయితే, దానికి క్లినికల్ సైకాలజీ అనే తిన్నని దారి ఉంది. అది ఏ రకంగానూ తక్కువ చదువు కాదు. సైకియాట్రిస్టు రోజు నువ్వు ఊహించుకున్నట్టు ఉండకపోవచ్చు. చాలా చోట్ల ఒక్కొక్క పేషెంటుకీ దొరికేది కొద్ది నిమిషాలే. ఆ కాస్తలోనే మందు పనిచేస్తోందా, డోసు మార్చాలా, చేతులు వణుకుతున్నాయా, బరువు పెరిగిందా, రక్తపరీక్ష ఏమంటోంది, అన్నీ చూడాలి. ఆ పనీ నీకు ఇష్టమేనా? ఇష్టమే అయితే రా, రెండు చేతులా ఆహ్వానిస్తాను.

ఇక నాకు కోపం వచ్చిన మాట. "ఆ అయిదేళ్ళూ ఎలాగోలా గడిపేస్తే చాలు, తర్వాత నాకు కావాల్సిన సైకియాట్రీ చదువుకుంటాను" అన్నావట. ఎలాగోలా ఏమిటి? శవాన్ని కోసి నేర్చుకునే చదువు, మందులు శరీరంలో ఏం చేస్తాయో చెప్పే చదువు, మెడిసిన్ వార్డులో తెల్లవార్లూ నిలబడి నేర్చుకునే చదువు, ఇవన్నీ నీకు దాటేయాల్సిన టోల్ గేట్లలా కనిపిస్తున్నాయా? నా భయమంతా అక్కడే ఉంది.

ఎందుకు భయమో చెబుతాను. నాతో పనిచేసిన ఒకాయన ఉండేవారు. కొన్నేళ్ళు పాఠాలు చెప్పి, నీలాగే ఆలస్యంగా మెడిసిన్‌కి వచ్చి, సైకియాట్రీలో చేరారు. ఆయన విన్నట్టు వినేవాళ్ళను నేను మళ్ళీ చూడలేదు. ఒకరోజు డెబ్భై ఏళ్ళు దాటిన ఒకావిడను పిల్లలు తీసుకొచ్చారు. భర్త పోయి నెల కాలేదు. తిండి మానేసింది, పగలంతా మగతగా ఉంటోంది, రాత్రయితే కిటికీ దగ్గర ఆయన నిలబడ్డాడంటోంది. ఈయన ఆవిడ మంచం పక్కన గంటకు పైగా కూర్చున్నారు. పెళ్ళి దగ్గర్నుంచి ఆయన పోయిన రోజు దాకా ఆవిడ చెప్పిందంతా విన్నారు, ఆవిడతోపాటు కళ్ళు తుడుచుకున్నారు. దుఃఖంలోంచి వచ్చిన తీవ్రమైన డిప్రెషన్ అని రాసి, రాత్రికి నిద్రమందు ఇచ్చి వెళ్ళారు.

తెల్లవారుజామున ఆవిడకు ఫిట్స్ వచ్చాయి. నన్ను పిలిచారు. ఫిట్స్ ఆగాక, తెలివి కొంచెం తేరుకున్నప్పుడు చూశాను. ఆవిడ వేళ్ళు ఊరుకోవడం లేదు. దుప్పటి అంచులో లేని దారాలు ఒక్కొక్కటే పీకుతున్నాయి. వారాల పేర్లు వెనక్కి చెప్పమన్నాను. "శనివారం, శుక్రవారం" అంది, ఆగింది, మళ్ళీ "శనివారం" అంది, "ఇవాళ ఆయనకు ఆఫీసుంది కదమ్మా" అంది. దుఃఖంలో ఉన్న మనిషి ఏడుస్తూనైనా వారాలు చెప్పగలదు. మనసు ఒక్కచోట నిలవకుండా ఇలా జారిపోతోందంటే ముందు మెదడుకు ఏమయిందని అడగాలి. కేస్ షీట్ తెరిచాను. చక్కటి చేతిరాతతో మూడు పేజీల కథ ఉంది. "ప్రస్తుతం వాడుతున్న మందులు" అన్న చోట ఖాళీ.

కొడుకును అడిగితే సంచిలోంచి బీపీ మాత్రలు తీశాడు. మూత్రం ఎక్కువ పోయేలా చేసే రకం, దాంతోపాటు సోడియం కూడా పోతుంది. తిండి లేదు, మాత్రలు మాత్రం రోజూ క్రమం తప్పకుండా వేస్తున్నారు. రక్తంలో సోడియం 135కీ 145కీ మధ్య ఉండాలి, ఆవిడకు 112 ఉంది. ఆ తడబాటుకీ, ఫిట్స్‌కీ కారణం అదే. దాన్ని గబగబా పెంచకూడదు, పెంచితే మెదడులో తిరిగి బాగుపడని దెబ్బ తగలొచ్చు. అందుకని పదేపదే పరీక్ష చేస్తూ కొన్ని రోజుల మీద పెంచాం. ఆవిడ బతికింది. కిటికీ దగ్గరి మనిషి మళ్ళీ రాలేదు. దుఃఖం మాత్రం అలాగే ఉంది. ఆ డాక్టరుగారు అప్పుడు వెళ్ళి పక్కన కూర్చుని విన్నారు, ఆ వినడం నిజంగా ఆవిడకు మందయింది. ఆ తర్వాత ఆయన కొత్త పేషెంటు ఎవరొచ్చినా "మీ మందుల సంచి ఇలా ఇవ్వండి" అన్న మాటతోనే మొదలుపెట్టేవారు.

ఇదంతా నీకెందుకు చెబుతున్నానంటే, నీకూ ఆయన గుణమే ఉంది. మా నాన్న ఆఖరి రోజుల్లో బీరువా మీద ఎవరో కూర్చున్నారని అరిచినప్పుడు మేమంతా "ఎవరూ లేరు నాన్నా" అని వాదించాం. పన్నెండేళ్ళ దానివి, నువ్వొచ్చి "వాళ్ళని చూస్తే భయమేస్తోందా తాతయ్యా?" అని అడిగావు. ఆయన నీ చెయ్యి పట్టుకుని ఊరుకున్నారు. డాక్టరునై ఉండి నాకు తోచని మాట అది. వినడం నీకు ఎవరూ నేర్పనక్కర్లేదు. నువ్వు నేర్చుకోవాల్సింది మిగతాదే.

మీ సబ్జెక్టు చరిత్రే తీసుకో. ఒకప్పుడు పిచ్చాసుపత్రుల్లో పక్షవాతంతో, మతి చెడి చనిపోయేవాళ్ళు చాలామంది ఉండేవారు. వాళ్ళ మెదళ్ళలో సిఫిలిస్ అనే సుఖవ్యాధి క్రిములున్నాయని నొగూచి, మూర్ అనే పరిశోధకులు 1913లో చూపించారు. తర్వాత పెన్సిలిన్ వచ్చి ఆ జబ్బు దాదాపు కనుమరుగైంది. ఇది ఎప్పటి మాటో అనుకోకు. శరీరం తన మెదడు మీదే దాడి చేసే ఒక రకం ఎన్సెఫలైటిస్‌ను, అంటే మెదడు వాపును, దాల్మావు అనే డాక్టరు బృందం వివరించింది 2007లో. దానికి ముందు, ఉన్నట్టుండి వింతగా ప్రవర్తించే ఆడపిల్లలు ఎంతమంది పిచ్చి అన్న పేరుతో వార్డుల్లో మగ్గి ఉంటారో తలుచుకుంటే గుండె తరుక్కుపోతుంది. థైరాయిడ్ తగ్గినా డిప్రెషన్‌లా కనిపిస్తుంది. బి12 తగ్గితే మతి తడబడుతుంది.

మందులూ అంతే. మనసు అదుపు తప్పి ఉద్రేకంతో ఊగిపోయే మేనియా జబ్బుకు లిథియం పనిచేస్తుందని జాన్ కేడ్ అనే డాక్టరు 1949లో చెప్పినప్పటి నుంచి ఎన్ని కుటుంబాలు నిలబడ్డాయో! కానీ మేలు చేసే మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ మధ్య ఎడం చాలా తక్కువ. వాంతులు, విరేచనాలు పట్టుకున్నా, మోకాళ్ళ నొప్పికి ఎవరో ఇచ్చిన బ్రూఫెన్ వేసుకున్నా రక్తంలో లిథియం పెరిగిపోవచ్చు. దాన్ని బయటికి పంపేది కిడ్నీలే, కిడ్నీ పాఠం రోజు నిద్రపోతే ఇది ఎలా తెలుస్తుంది? నువ్వు రోజూ రాయబోయే డిప్రెషన్ మందుల్లో కొన్ని పెద్దవాళ్ళలో సోడియం తగ్గిస్తాయి. ఆవిడ సంగతి అప్పుడు గుర్తు తెచ్చుకో.

కోప్పడ్డానని బాధపడకు, బంగారూ. ఇంకో మాట రాయడానికి చెయ్యి ఆడటం లేదు, అయినా రాయాలి. ఈ పనిలో ఎప్పుడో ఒకప్పుడు నీ పేషెంటు ఒకరు ప్రాణం తీసుకోవచ్చు. నీ తప్పేమీ లేకపోయినా సరే. మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో, నిరాశ ఇంకా పోకముందే ఒంట్లోకి కాస్త ఓపిక వచ్చే సమయంలో, మరీ జాగ్రత్తగా కనిపెట్టుకుని ఉండాలి. పేషెంటును త్వరత్వరగా రమ్మను, ఇంట్లోవాళ్ళతో మాట్లాడు, చావు ఆలోచనలు వస్తున్నాయా అని సూటిగా అడుగు. అడిగితే లేని ఆలోచన పుట్టదు. అన్నీ చేసినా ఒకరోజు అలాంటి కబురు రావొచ్చు. ఆ రోజు ఒక్కదానివే గదికి వెళ్ళి తలుపేసుకోకు. సీనియరుకు చెప్పు, తోటివాళ్ళకు చెప్పు, నాకు ఫోన్ చెయ్యి. అర్ధరాత్రయినా ఎత్తుతాను. చిన్నప్పటి నుంచీ నీకు బాధొస్తే దాచుకునే అలవాటు, అది ఈ వృత్తిలో పనికిరాదు.

రాజీనామా మాత్రం ఇప్పుడే ఇవ్వకు. సెలవు పెట్టి, ఏదైనా ఆసుపత్రిలో వాలంటీరుగా చేరడానికి అనుమతి అడుగు. సైకియాట్రీ ఓపీలో కాదు, జనరల్ మెడిసిన్ వార్డులో. మంచం మీద ఉన్నవాళ్ళకు నీళ్ళు అందించు, నర్సులు ఏ వేళకు ఏం చూసి రాసుకుంటున్నారో గమనించు, వీలైతే ఒక రాత్రి డ్యూటీ కూడా చూడు. ఆ వాసనలు, ఆ మూలుగులు, ఆ విసుగు అన్నీ చూశాక కూడా రేపు మళ్ళీ వెళ్ళాలనిపిస్తోందో లేదో నాకు రాయి. అనిపిస్తే రాజీనామా ఇచ్చెయ్. మీ అమ్మతో నేను మాట్లాడతాను, మొదటి ఏడాది ఫీజు నాది.

ప్రేమతో,
మీ పెద్దమ్మ