1997 ఎన్నికల్లో బ్రిటన్ లేబర్ పార్టీ డబ్బున్నవాళ్ల మీద పన్ను పెంచబోమని ఎందుకు చెప్పింది?

1992లో తగిలిన దెబ్బ వల్ల. ఆ ఏడాది ఎన్నికల ముందు, లేబర్ తరఫున ఆర్థిక విషయాలు చూసే జాన్ స్మిత్, ఎక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు పన్ను 40 నుంచి 50 శాతానికి పెంచుతామన్నారు. ప్రత్యర్థులైన కన్సర్వేటివ్ పార్టీ వాళ్లు పోస్టర్లు వేశారు: పెద్ద బాంబు బొమ్మ, లేబర్ వస్తే ఏడాదికి 1,250 పౌండ్లు ఎక్కువ కట్టాలని రాత. నిజానికి ఆ 50 శాతం కొద్దిమందికే. కానీ రేపు మనమూ అంత సంపాదిస్తామేమో అనుకునే మధ్యతరగతికి టెన్షన్ పట్టుకుంది. లేబర్ ఓడింది.

అందుకే 1997లో లేబర్ నాయకుడు టోనీ బ్లెయిర్, ఆర్థిక విషయాలు చూసే గోర్డన్ బ్రౌన్ ఆదాయపు పన్ను రేట్లు ముట్టుకోబోమని ముందే మాటిచ్చారు. ప్రైవేటుపరమైన కరెంటు, నీళ్ల కంపెనీల లాభాల మీద మాత్రం ఒక్కసారికి పన్ను వేస్తామన్నారు (కంపెనీలకు ఓట్లుండవు కదా!). ఈసారి లేబర్ 418 సీట్లతో గెలిచింది.