కల్లు దుకాణం బంద్ అయింది, ఊళ్ళో ఫిట్స్ మొదలయ్యాయి.. ఏం చేయాలి డాక్టర్ గారూ?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది ఉమ్మడి నిజామాబాద్ జిల్లాల ఒక పల్లె. వారం కింద ఎక్సైజోళ్ళు వచ్చి మా ఊరి కల్లు దుకాణం బంద్ చేయించిన్రు, శాంపిల్ల ఆల్ప్రాజోలం వచ్చిందన్నరు. మా నాయినకు 58 ఏండ్లు, ఇరవై ఏండ్ల సంది రోజుకు మూడు నాలుగు సీసాలు తాగుతడు. బంద్ అయిన రెండో దినం నుంచి నిద్ర లేదు, చేతులు వణుకుడు, గోడ మీద చీమలు పారుతున్నయని తుడుస్తనే ఉన్నడు, మూడో దినం ఫిట్స్ వచ్చి పడిపోయిండు. మా వాడలనే ఇంకో ఆరేడుగురిది గిదే పరిస్థితి. ఒకాయన ఎవలి దగ్గరనో నిద్ర గోలీలు తెచ్చుకొని ఒక్కసారే చానా మింగి, మీదికెళ్ళి క్వార్టర్ తాగి పండుకున్నడు, తెల్లారి లేవలేదు. మా యూత్ పోరగాళ్ళం ఏదన్న చేద్దామనుకుంటున్నం, ఎక్కడ మొదలువెట్టాల్నో తెలుస్తలేదు.

జవాబు: తమ్ముడూ, నీ మెయిల్ వచ్చిన రోజే డెస్క్ వాళ్ళు నాకు ఫోన్ చేసి చదివి వినిపించారు, నాన్నని వెంటనే జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్ళమని నీకు చెప్పించాం, అడ్మిట్ చేసుకున్నారని, ఫిట్స్ మళ్ళీ రాలేదని నువ్వే మెసేజ్ పెట్టావట, సంతోషం. కాబట్టి ఇక్కడ రాసేది ఊళ్ళో మిగిలినవాళ్ళ కోసం, ఇట్లాంటి ఊళ్ళు ఇంకా చాలా ఉన్నాయి కాబట్టి వాళ్ళ కోసం కూడా.

మీ ఊళ్ళో జరిగినవి రెండూ ఒకటి కాదు. నాన్నకి వచ్చింది అలవాటైన మత్తుమందు అందక, గోలీలు మింగిన ఆ పెద్దాయన పోయింది మత్తుమందు ఎక్కువై. జనం రెండిటినీ కల్తీ కల్లు అని ఒక్క గాటన కట్టేస్తారు గానీ ఒకదానికి చేసే వైద్యం ఇంకోదానికి చేస్తే మనిషి పోతాడు.

చెట్టు మీంచి దించిన తాటి కల్లు, ఈత కల్లులో ఉండేది కొద్దిపాటి ఆల్కహాలే. కానీ చెట్లు తక్కువ, తాగేవాళ్ళు ఎక్కువ, అందుకని నీళ్ళు, శాక్రిన్ పోసి, మత్తు కోసం డైజోఫాం అని పిలిచే డయాజెపాం, ఆల్ప్రాజోలం, సీహెచ్ అని మీవైపు అంటారే ఆ క్లోరల్ హైడ్రేట్, ఇవి కలుపుతారు, ఎంత కలిపాడో కలిపినవాడికి కూడా లెక్క ఉండదు, ఇవాళ్టి సీసా రేపటి సీసా ఒకటి కాదు. ఇవన్నీ మెదడుని జోకొట్టే మందులే. ఇరవై ఏళ్ళు రోజూ పడితే మెదడు ఆ మందుకి ఎదురు లాగడం నేర్చుకుంటుంది, పగ్గం బిగపట్టి నడిపిన కోడెని ఒక్కసారిగా వదిలేస్తే ఎట్లా ఉరుకుతుందో అట్లా, మందు ఆగిపోగానే వణుకు, చెమటలు, లేని పురుగులు కనపడటం, ఫిట్స్. మీవాళ్ళంతా కల్లుకి అలవాటు పడ్డామనే అనుకుంటారు, అసలు పడింది నిద్రమాత్రకి, అది వాళ్ళకి తెలియదు, వాళ్ళని ఎవరూ అడిగి కలపలేదు కూడా. అందుకే తాగుబోతులు, వీళ్ళకి ఇట్లాగే కావాలి అనే మాట మీ గ్రూపులో ఎవరైనా అంటే అక్కడే ఆపండి.

ఆల్ప్రాజోలం ఒంట్లోంచి త్వరగా దిగిపోతుంది, అందుకే మీ నాన్నకి రెండో రోజే మొదలైంది. డైజోఫాం అట్లా కాదు, మెల్లగా దిగుతుంది, దానికి అలవాటైనవాళ్ళకి వారం దాటాక కూడా ఫిట్స్ రావచ్చు. అంటే వారం అయింది మాకేం కాలేదు అని తిరుగుతున్నవాళ్ళ మీద కూడా ఇంకో వారం పది రోజులు కన్నేసి ఉంచాలి.

ఇది మనకి కొత్తేం కాదు. 2015లో కల్తీ కల్లు మీద దాడులు గట్టిగా జరిగినప్పుడు నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ వైపు ఇదే జరిగింది, పిచ్చి పట్టిందనుకుని ఎర్రగడ్డకి తీసుకొచ్చారు చాలామందిని. 2025 జూలైలో కూకట్‌పల్లిలో అయితే కల్తీ కల్లు తాగినవాళ్ళే నేరుగా ఆసుపత్రుల పాలయ్యారు, ప్రాణాలు కూడా పోయాయి, అందులోనూ ఆల్ప్రాజోలమే బయటపడింది. కాబట్టి దుకాణం మూయొద్దని నేను అనను. మూసే ముందు జిల్లా వైద్యాధికారికి ఒక్క ఫోన్ చేస్తే, పీహెచ్‌సీలో మందులు పెట్టుకుంటే, జిల్లా ఆసుపత్రిలో పది మంచాలు ఖాళీ చేసి ఉంచితే అయిపోయేదానికి ఎవరూ చేయరు, సీసాలు పగలగొట్టిన ఫోటో మర్నాడు పేపర్లో వస్తుంది, మూడో రోజు రాత్రి డ్యూటీలో ఉన్నవాడికి ఒక్కసారే పదిహేను మంది ఫిట్స్‌తో వస్తారు. నేను జిల్లాలో పనిచేసినప్పుడు ఆ డ్యూటీలో ఉన్నవాడిని నేనే, మధ్యరాత్రికి ఫిట్స్ ఆపే లోరాజెపాం ఇంజెక్షన్లు అయిపోతే పక్కన ప్రైవేటు ఆసుపత్రికి మనిషిని పంపి అడిగి తెప్పించుకున్నాం.

ఇక మీరు చేయగలిగింది. మొదలు మీ ఆశా అక్కని, ఏఎన్ఎంని కూర్చోబెట్టుకోండి, ఎందుకంటే ఏ ఇంట్లో ఎవరు రోజూ తాగేవాళ్ళో వాళ్ళకి తెలుసు, మీకు తెలియని ఆడవాళ్ళ సంగతి కూడా తెలుసు. బీడీలు చుట్టి నడుములు పడిపోయి సాయంత్రం రెండు సీసాలు తాగి పడుకునే అమ్మలు మీవైపు ఎంతమందో, వాళ్ళు వణుకుతున్నా బయటికి చెప్పరు. పేర్లు మాత్రం వాట్సాప్‌లో పెట్టకండి, పోలీసులకి ఇస్తారని అనుమానం వచ్చిన మరుక్షణం తలుపులేసుకుంటారు. మత్తుమందుల కేసులు పెట్టే ఎన్డీపీఎస్ చట్టంలోనే 64ఏ అని ఒక సెక్షన్ ఉంది, తను వాడుకోవడానికో, కొద్ది మొత్తం దొరికో కేసు పడిన మనిషి కూడా తనంతట తాను ట్రీట్‌మెంట్‌కి వస్తే ఆ కేసు నుంచి రక్షణ ఉంది, మరి ఏ కేసూ లేని మీవాళ్ళు ఆసుపత్రికి రావడానికి భయపడాల్సిన పనే లేదు, ఇది ఇంటింటికీ నోటితోనే చెప్పండి.

తర్వాత కల్లు దుకాణం నడిపిన ముస్తాదారు దగ్గరికి వెళ్ళండి. నవ్వొద్దు, నిజంగానే చెప్తున్నా. ఏం పొడి కలిపారో, ఎంత కాలంగా కలుపుతున్నారో వాళ్ళకే తెలుసు, కేసు సంగతి కోర్టు చూసుకుంటుంది, మనకి కావాల్సింది డైజోఫామా ఆల్ప్రాజోలమా అనే ఒక్క ముక్క, అది తెలిస్తే డాక్టర్ పని సగం తేలికవుతుంది. పక్క ఊరి గీత కార్మికుల సొసైటీ వాళ్ళతో కూడా మాట్లాడండి, రేపు అక్కడ రెయిడ్ అయితే ఇదే కథ. సర్పంచ్‌ని వెంటబెట్టుకుని పీహెచ్‌సీ డాక్టర్‌ని, ఎక్సైజ్ సీఐని ఒక్క గదిలో కూర్చోబెట్టగలిగితే మీ యూత్ ఈ ఏడాది వినాయకుడిని పెట్టకపోయినా ఫర్వాలేదు.

వైద్యం మాటకొస్తే, వీళ్ళకి డాక్టర్లు ఇచ్చేది మళ్ళీ అదే జాతి మందే, తెలిసిన డోసులో ఇచ్చి వారాల తరబడి కొంచెం కొంచెం తగ్గిస్తారు. మాన్పించమంటే మళ్ళీ గోలీలే ఇస్తున్నారని గొడవ పడకండి, పద్ధతే అది. కానీ అది ఆసుపత్రిలో మొదలవ్వాలి. పక్క ఊరి కల్లు తెచ్చి తాగించడం, మెడికల్ షాపులో స్ట్రిప్ తెచ్చి ఇవ్వడం వద్దు, ఆ పెద్దాయన అట్లాగే పోయాడు. ఇంకా దుకాణం నడుస్తున్న ఊళ్ళలో ఈ జవాబు చదివి భయపడి రేపట్నుంచి టక్కున మానేస్తాం అనేవాళ్ళు ఉంటే వాళ్ళు కూడా ఆగండి, ముందు డాక్టర్‌ని కలవండి.

ఫిట్స్ వస్తే ఏం చేయాలో మీ పిల్లలందరికీ వచ్చి ఉండాలి. చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిగడ్డ వాసన చూపించడం, నోట్లో చెంచా దూర్చడం ఏదీ వద్దు, పక్కకి తిప్పి పడుకోబెట్టి తల కింద తువ్వాలు పెట్టి 108కి ఫోన్ చేయండి. మందు ఎక్కువైన మనిషి వేరే రకంగా ఉంటాడు, కదలడు, పిలిస్తే పలకడు, గురక పెడుతుంటాడు, ఇంట్లోవాళ్ళేమో పాపం ఇన్నాళ్ళకి నిద్ర పట్టింది లేపకండి అంటారు. ఆ గురక నిద్రది కాదు, నాలుక వెనక్కి పడి ఊపిరి అడ్డుకుంటోంది. భుజం గట్టిగా కుదిపినా లేవకపోతే, నిమిషానికి పదిసార్లు కూడా ఊపిరి తీయకపోతే, పెదాలు నీలంగా మారితే ఇంక ఆలోచించొద్దు, 108. బండి వచ్చేదాకా పక్కకే తిప్పి ఉంచండి, ఊపిరి ఆగిపోతే వెల్లకిలా పడుకోబెట్టి ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి, ఎట్లా నొక్కాలో ఫోన్లో అడుగుతూ చేయండి, ఇంకా మంచిది పీహెచ్‌సీ వాళ్ళని పిలిపించుకుని ముందే ఒక పూట నేర్చుకోండి. నిమ్మరసం, మజ్జిగ, ఉప్పు నీళ్ళు తాగించి కక్కించాలని చూస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

అమెరికాలో ముక్కులో కొట్టే స్ప్రే ఉంది కదా, అది తెప్పించి పెట్టుకుందామా అని మీలో ఎవరో ఒకరు అడుగుతారు. అది నాలాక్సోన్, 2023 నుంచి అక్కడ చీటీ లేకుండానే దొరుకుతోంది, హెరాయిన్, ఫెంటనిల్ లాంటి వాటికి ప్రాణం పోస్తుంది, కానీ ఆల్ప్రాజోలం మీద దానికి పని లేదు. ఆల్ప్రాజోలంకి విరుగుడు లేకపోలేదు గానీ ఏళ్ళ తరబడి అలవాటున్నవాళ్ళకి అది ఎక్కిస్తే ఫిట్సే వస్తాయి కాబట్టి ఆసుపత్రిలో మేం కూడా జంకుతాం. మీ చేతిలో ఉన్నది పక్కకి తిప్పడం, ఊపిరి చూడటం, బండి పిలవడం, అంతే.

ఇంకొకటి, డిశ్చార్జ్ అయి వచ్చాక నాన్న పాత లెక్కన నాలుగు సీసాలు తాగితే ఒళ్ళు తట్టుకోదు, ఆ అలవాటు తగ్గిపోయి ఉంటుంది, అట్లా ఇంటికొచ్చిన మొదటి నెలలోనే పోయినవాళ్ళని చూశాను. తప్పి తాగితే దాచకుండా నీకు చెప్పేటట్టు ఉండాలి ఇంట్లో, తిడతావని భయపడి చాటుకి పోయి ఒక్కడే తాగితే పడిపోయినప్పుడు చూసేవాళ్ళు ఉండరు. రాత్రిపూట ఎవరికైనా బెంగగా ఉండి మాట్లాడాలనిపిస్తే టెలీ మానస్ 14416, మత్తు మానే విషయానికి 14446, టెలీ మానస్‌లో తెలుగులో మాట్లాడతారు. నాన్నని చూడటానికి వెళ్ళినప్పుడు ఇంట్లో పాత కల్లు సీసా ఏదైనా మిగిలి ఉంటే పారబోయకుండా మూత బిగించి డాక్టర్‌కి ఇవ్వు, అందులో ఏ మందు ఉందో పరీక్ష చేయించగలిగితే మిగిలిన ఆరేడుగురి వైద్యానికి కూడా అది పనికొస్తుంది.