నీలం ఇన్‌హేలర్ ఒక్కటే చాలదమ్మా

ప్రశ్న: డాక్టరు గారూ, మాది నెల్లూరు. బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. వయసు 34, ఆస్తమా ఉంది. వారానికి నాలుగు రాత్రులు పిల్లికూతలతో లేస్తున్నాను. నీలం ఇన్‌హేలర్‌తో తగ్గుతుంది. రోజూ స్టెరాయిడ్ పీల్చమన్నారు. అలవాటైపోతుందేమోనని టెన్షన్.

జవాబు: అలవాటేమీ కాదమ్మా. నీలం రంగుది ఊపిరి గొట్టాలను కాసేపు వదులు చేస్తుందంతే, లోపలి వాపు అలాగే ఉంటుంది. అందుకే పెద్దవాళ్లకు అదొక్కటే వద్దని ఆస్తమా చికిత్సకు ప్రపంచమంతా చూసే గినా మార్గదర్శకాలు 2019లోనే చెప్పాయి. పీల్చే స్టెరాయిడ్ మోతాదు మైక్రోగ్రాముల్లో, అంటే చాలా కొంచెమే ఉంటుంది. నా దగ్గరికొచ్చిన వాళ్లను ముందు పీల్చి చూపించమంటాను. చాలామంది నొక్కేశాక తీరిగ్గా పీలుస్తారు, మందంతా నాలుక మీదే! ఇన్‌హేలర్‌కు స్పేసర్ (మందు కాసేపు నిలిచే ప్లాస్టిక్ గొట్టం) తగిలించి, నెమ్మదిగా పీల్చి 10 సెకన్లు బిగబట్టండి. తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మేయండి. అన్నట్టు, పక్క ఖాళీ సైటులో వయ్యారిభామ మొక్కలున్నాయేమో చూడండి, దాని పుప్పొడి కొందరికి పడదు. నాలుగు రాత్రులంటే తక్కువేం కాదు, ఈ వారమే మీ డాక్టరుకు చూపించండి.