కెన్యా బీన్స్ తోటలో చేరబోతున్న మా స్రవంతికి

చిరంజీవి స్రవంతికి,

పెదనాన్న ఆశీస్సులు. మ్వేయా దగ్గర బీన్స్ తోటలో నీకు ఉద్యోగం ఖాయమైందని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం తల్లీ. తెగుళ్లు, ఎరువుల పాఠాలు నువ్వు వెంకటరామన్నగూడెంలో బాగానే చదువుకున్నావు, వాటి జోలికి నేను పోను. ఆ దేశంలో చాలాకాలం కూరగాయలు పండించినవాణ్ణి కాబట్టి, చేలో దిగాక నీకు పనికొచ్చే మాటలు నాలుగు రాస్తున్నాను.

ముందుగా అసలు మాట చెప్పేస్తాను. యూరప్‌కి వెళ్లే బీన్స్ మీద ఎంత జాగ్రత్త పడతావో, గట్టు పక్కన పనివాళ్లు కోసుకెళ్లే సుకుమా వికీ అనే అక్కడి ఆకుకూర మీద కూడా అంతే జాగ్రత్త పడాలి. చాలా తోటల్లో ఈ రెండోది మేనేజర్ పని కాదనుకుంటారు. నువ్వు అలా అనుకోవద్దు.

ఎగుమతి సరుకు విషయంలో భయం ఎటూ ఉంటుంది. 2013 జనవరి నుంచి యూరప్ వాళ్లు కెన్యా బీన్స్, బఠాణీ కాయల సరుకులో నూటికి పది వంతులు ఆపి పరీక్ష చేయడం మొదలుపెట్టారు. కారణం డైమిథోయేట్ అనే పురుగుమందు అవశేషాలు. మన రైతులు రోగార్ అంటారే, అదే. ఆ దెబ్బకి అక్కడి చిన్న రైతులు చాలామంది కాంట్రాక్టులు పోగొట్టుకున్నారు. 2019లో యూరప్ డైమిథోయేట్‌కీ క్లోరోథలోనిల్‌కీ అనుమతి పొడిగించలేదు, 2020 మొదట్లో క్లోరిపైరిఫాస్ కూడా పోయింది. అలా అనుమతి లేని మందు సాధారణంగా కిలో సరుకులో 0.01 మిల్లీగ్రాము మించకూడదు. లెక్క వేసి చూడు, 100 టన్నుల కాయల్లో 1 గ్రాము!

అంత కొంచెం రావడానికి బీన్స్ మీద ఎవరూ మందు కొట్టనక్కర్లేదు, సరిగా కడగని మందు కొట్టే పంపు చాలు. నీ కింద ఉండే కాంట్రాక్టు రైతుకి పావు ఎకరం బీన్స్ ఉంటే, పక్కనే టమాటా ఉంటుంది. 2014లో టుటా పురుగు కెన్యాలో అడుగుపెట్టిన దగ్గర్నుంచి టమాటాకి మందులు విపరీతంగా కొడుతున్నారు. ఆ రైతు ఇంట్లో పంపు ఒక్కటే. పొద్దున టమాటాకి కొట్టిన పంపుతోనే సాయంత్రం బీన్స్‌కి కొడతాడు. బీన్స్‌కి విడిగా పంపు ఇప్పించు, దూరం నుంచే తెలిసేలా దానికి రంగు వేయించు. పంపు కొనడానికి కంపెనీ ఒప్పుకోకపోతే గట్టిగా అడుగు, ఒక్క లాటు వెనక్కొస్తే అయ్యే నష్టం ఎంతో చూపించి అడుగు.

ఇక కోత సంగతి. బీన్స్ విత్తిన ఏడు వారాలకి కోతకొస్తుంది, ఆ తర్వాత మూడు వారాల పాటు రోజు విడిచి రోజు కోస్తూనే ఉండాలి. ఒక్క కోత తప్పితే కాయ లావెక్కి గ్రేడు పోతుంది. మందు డబ్బా మీదేమో కొట్టాక 7 రోజులో 14 రోజులో కోయొద్దని రాసి ఉంటుంది. ఈ రెండూ కలిసే దారి లేదు. కాబట్టి పూత కనిపించిన రోజునుంచి కొట్టాక కోతకి ఒకటి రెండు రోజులు ఆగితే చాలనే మందులు తప్ప మరేదీ స్టోరు గది దాటి బయటికి రాకూడదు. తామర పురుగుకీ తెల్లదోమకీ చేయాల్సిందంతా పూతకు ముందే చేసుకో. నీలం, పసుపు జిగురు అట్టలు కట్టించి వారానికి రెండుసార్లు నువ్వే వెళ్లి లెక్కపెట్టు. పురుగు తక్కువగా ఉన్నప్పుడు "ఎందుకైనా మంచిది" అని కొట్టే మందే చివరికి ల్యాబు రిపోర్టులో తేలుతుంది. కెన్యాలో ఏ మందు ఏ పంటకి రిజిస్టరైందో పెస్ట్ కంట్రోల్ ప్రోడక్ట్స్ బోర్డు జాబితాలో ఉంటుంది, డీలరు మాట కాకుండా ఆ జాబితా చూడు.

ఇప్పుడు ఆ సుకుమా వికీ దగ్గరికొస్తాను. కోత అయ్యాక సాయంత్రం ఆడవాళ్లు ఇంటికి వెళ్తూ గట్టు మీద నాలుగు ఆకులు తుంచి, నడుముకి కట్టుకున్న లెసో కొంగులో పెట్టుకుంటారు. ఆ రాత్రి ఉగాలీలోకి, అంటే మొక్కజొన్న పిండి ముద్దలోకి, అదే కూర. మధ్యాహ్నం గాలికి బీన్స్ మందు ఆ ఆకు మీద పడిందో లేదో వాళ్లకి ఎవరూ చెప్పరు. లండన్ వెళ్లే బీన్స్ డబ్బాకి ల్యాబు ఉంది, ఆ కొంగులోని ఆకుకి లేదు. తినేది మూడేళ్ల పిల్ల. మందు కొట్టిన మడి నాలుగు మూలలా ఎర్ర గుడ్డ కట్టించు, గడువు తీరేదాకా తీయనివ్వకు. గట్టు మీద ఆకుకూరలు మాన్పించి, గాలి వచ్చే వైపు, పంపు చేరనంత దూరంలో వాళ్లకంటూ ఒక మడి ఇవ్వు. కోసుకోవద్దని మాత్రం చెప్పకు. చెప్పినా ఆగదు, ఆగితే కూర ఉండదు.

ఖాళీ మందు డబ్బాల మీద కూడా కన్నేసి ఉంచు. మూత గట్టిగా ఉన్న డబ్బా కనబడితే ఊళ్లో నీళ్లకో పాలకో పట్టుకుపోతారు. ప్రతి డబ్బానీ మూడుసార్లు కడిగించి ఆ నీళ్లు పంపులోనే పోయించు, తర్వాత అడుగున మేకుతో తూట్లు పొడిపించు, నీ కళ్లముందే.

మందులంటేనే అందరికీ టెన్షన్. నిజానికి మనిషిని త్వరగా మంచాన పడేసేది మురికి నీళ్లు. ఊళ్ల పక్కన మురుగు కలిసిన వాగు నీళ్లతో ఆకుకూరలు పెంచడం నైరోబీలోనూ ఉంది, ఘనాలో కుమాసి, అక్రా చుట్టుపక్కలా ఉంది. నీ తోటకి వచ్చే కాలవ నీళ్లు నేరుగా పారించకుండా చెరువులో నిలబెట్టి తేర్చు. డ్రిప్ పెడితే నీళ్లు ఆకుని తాకవు. కోతకు ముందు కొన్ని రోజులు పై నుంచి చల్లడం ఆపితే ఆకు మీది క్రిములు ఎండకి చాలావరకు చస్తాయి. పచ్చి పేడ ఆకుకూరల మడిలో వేయనివ్వకు, బాగా మాగిన ఎరువే వేయాలి. మరుగుదొడ్డి కోత జరిగే చోటికి దగ్గర్లో ఉండాలి. చేతులు కడుక్కోవడానికి అక్కడ టిప్పీ ట్యాప్ కడతారు. కర్రకి వేలాడదీసిన చిన్న డబ్బా, తాడుకి కట్టిన పుల్లని కాలితో తొక్కితే వంగి నీళ్లు పోస్తుంది. పక్కన సబ్బు కూడా వేలాడదీయించు. ఖర్చు దాదాపు లేదు, దాన్ని మించిన సామాను నేను చూడలేదు.

తిండి సంగతి కూడా నీదే అనుకో. ప్రపంచ ఆరోగ్య సంస్థ మనిషికి రోజుకి కనీసం 400 గ్రాముల పళ్లు, కూరగాయలు కావాలంటుంది. టన్నుల కొద్దీ కూరగాయలు కోసే చేతులకి ఆ పూట దొరికేది ఉగాలీ, పిడికెడు ఆకు. నేను పైన చెప్పిన మడిలో అక్కడి ఆకుకూరలే వేయించు. తెరెరే అంటే మన తోటకూర, సాగా అంటే వామింట, కుండే అంటే బొబ్బర్ల ఆకు, మనాగు మన కామంచి జాతే. ఇనుము, కాల్షియం, విటమిన్ ఎ వీటిలో దండిగా ఉంటాయి. పేదవాళ్ల తిండి అని తోసేసిన ఈ ఆకుల మీద ప్రొఫెసర్ మేరీ అబుకుత్సా ఒన్యాంగో ఏళ్ల తరబడి పరిశోధన చేసి, మళ్లీ వాటికి గౌరవం తెచ్చారు. జోమో కెన్యాట్టా వ్యవసాయ యూనివర్సిటీ నీకు మరీ దూరమేం కాదు, వీలైతే వెళ్లి చూడు. ఒక మూల నారింజ రంగు చిలగడదుంప తీగ కూడా పాకించు. పిల్లలకి విటమిన్ ఎ అందించడానికి ఆ దుంప మీద పనిచేసిన శాస్త్రవేత్తలకే 2016 వరల్డ్ ఫుడ్ ప్రైజ్‌లో వాటా వచ్చింది.

వండేటప్పుడు ఆకు త్వరగా మెత్తబడాలని మాగడి సోడా (మన వంట సోడా లాంటిది) వేస్తారు. దాంతో విటమిన్ సి పోతుంది. ఉడికించిన నీళ్లు పారబోస్తే ఇంకా పోతుంది. క్యాంటీన్ వంటామెతో నెమ్మదిగా మాట్లాడు, ఆమె వంటకి వంక పెట్టినట్టు ఉండకూడదు. సోడా లేకుండా, కాస్త నూనె వేసి, తక్కువ సేపు మగ్గించి చూడమను. నూనె ఉంటే ఆ ఆకులోని విటమిన్ ఎ ఒంటికి బాగా పడుతుంది.

ఇంకొకటి. గోంగూర, వామింట విత్తనాలు మూటకట్టి సూట్‌కేసులో పెడతానని మీ అమ్మ అంటోందట. వద్దని చెప్పు. అక్కడి మొక్కల తనిఖీ సంస్థ కెఫిస్ నుంచి ముందే పర్మిట్ తీసుకోకుండా విత్తనం తీసుకెళ్లకూడదు. తోటకూర, వామింట అక్కడి విత్తనాల షాపుల్లోనే దొరుకుతాయి. గోంగూర నిలవ పచ్చడి పెద్దమ్మ పెడుతోంది, సీసా గట్టిగా సీలు చేయించి ఇస్తాను.

చేరాక మొదటి ల్యాబు రిపోర్టు రాగానే నాకు ఫోటో పంపు, ఇద్దరం కూర్చుని చదువుదాం.

మీ పెదనాన్న