మీ బండి – మా సలహా: పాత మారుతి 800 సంగతులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం మారుతి 800 గురించే. 1983 డిసెంబరులో రోడ్డెక్కి, 2014 జనవరిలో తయారీ ఆగిపోయిన ఈ చిన్న కారు మన ఊళ్లలో ఇంకా చాలామందికి రోజువారీ బండే. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం దానికే ఇస్తున్నాం.

ప్రశ్న: నాది 2004 మోడల్ ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ బదులు కంప్యూటర్ లెక్కతో ఇంజెక్టర్లు పెట్రోలు పోసే రకం) మారుతి 800. కిందటేడు వరకు లీటరుకు 17 ఇచ్చేది, ఇప్పుడు 13 దాటడం లేదు. పికప్ బాగా పడిపోయింది. ఇంజిన్ విప్పి పిస్టన్ రింగులు మార్చాలని మెకానిక్ అంటున్నారు. నాలుగు నెలల క్రితం టైర్లు మార్చడం తప్ప వేరే పనేమీ చేయించలేదు. ఇంజిన్ పనికి ఒప్పుకోమంటారా?
– ఒక పాఠకుడు, నరసరావుపేట

జవాబు: ఇప్పుడే ఒప్పుకోవద్దు. ముందు ఆ టైర్ల పక్కన కూర్చుని, అంచు మీద ఉన్న అంకెలు చదవండి. మీ బండికి కంపెనీ ఇచ్చిన సైజు 145/70 ఆర్12. ఆల్టోకి వేసేది 145/80 ఆర్12. రెండూ 12 అంగుళాల రిమ్ముకే ఎక్కుతాయి కాబట్టి, 70 స్టాకు లేనప్పుడు షాపువాళ్లు 80 వేసి పంపడం మామూలే. 70 టైరు వ్యాసం దాదాపు 508 మిల్లీమీటర్లు, 80 టైరుది 537. అంటే చక్రం ఐదున్నర శాతానికి పైగా పెద్దదైంది. 37 బీహెచ్‌పీ ఇంజిన్‌కి, నాలుగు గేర్ల బండికి ఇది చిన్న తేడా కాదు. ప్రతి గేరూ బరువెక్కినట్టవుతుంది, మూడో గేరులో లాగాల్సిన ఎత్తుకి రెండో గేరు వేయాల్సి వస్తుంది. పైగా కిలోమీటర్ల మీటరు తక్కువ చూపిస్తుంది. మీటరు 13 అంటే మీకు నిజంగా వచ్చేది 13.7. మీ నష్టంలో కొంత కాగితం మీది నష్టమేనన్నమాట. సైజు తేడా ఉంటే సరైన టైర్లు వేయించాకే మిగతా లెక్కలు చూడండి. మైలేజీని కూడా ట్యాంకు నోటిదాకా నింపి, కనీసం 200 కిలోమీటర్లు తిరిగి, అదే బంకులో మళ్లీ అంతే నింపి లెక్కగట్టండి. పెట్రోలు ముల్లు చూసి వేసిన లెక్క లెక్క కాదు.

తర్వాత చూడాల్సింది బ్రేకులు. పాత బండి పెట్రోలు తాగుతోందంటే ఇంజిన్‌ని అనుమానిస్తారు గానీ, చాలాసార్లు పట్టేసిన బ్రేకుతోనే ఇంజిన్ కుస్తీ పడుతూ ఉంటుంది. పది కిలోమీటర్లు నడిపి, చివర్లో బ్రేకు ఎక్కువ వాడకుండా బండి ఆపి, నాలుగు రిమ్ముల మధ్య భాగం దగ్గర చెయ్యి పెట్టి చూడండి. ఒకటి మాత్రం కాలుతుంటే దొంగ అక్కడే ఉన్నాడు. ఖాయం చేసుకోవడానికి ఆ చక్రాన్ని జాకీ మీద లేపి, మిగతా చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచి చేత్తో తిప్పండి. వెనక చక్రమైతే హ్యాండ్‌బ్రేకు కూడా దించండి. చక్రం సాఫీగా రెండు చుట్లన్నా తిరగాలి. ముందు చక్రాలు గేర్‌బాక్సుని కూడా తిప్పుతాయి కాబట్టి కాస్త బరువుగానే ఉంటాయి, రెంటినీ పోల్చి చూడాలి. ముందు డిస్కు పట్టేస్తే క్యాలిపర్ (డిస్కుని పట్టే భాగం) పిన్నులు ఎండిపోయి ఉంటాయి. విప్పి శుభ్రం చేసి, బ్రేకులకు వాడే సిలికాన్ గ్రీజు పెట్టించాలి. మామూలు గ్రీజు పెడితే రబ్బరు ఉబ్బి వారంలో మళ్లీ పట్టేస్తుంది. వెనక డ్రమ్ము పట్టేస్తే హ్యాండ్‌బ్రేకు కేబుల్ తుప్పుపట్టి వెనక్కి రాకపోవడం, లేదా వీల్ సిలిండర్ కారి లైనర్లు తడవడం కారణం.

క్లచ్ జారుతోందేమో కూడా చూడాలి. ఖాళీ రోడ్డు మీద టాప్ గేరులో 40లో వెళుతూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఇంజిన్ మోత పెరిగి స్పీడోమీటరు ముల్లు మాత్రం నింపాదిగా కదిలితే ప్లేటు అరిగినట్టు.

ఇవన్నీ బాగున్నాయని తేలాకే బానెట్ ఎత్తండి. ఎయిర్ ఫిల్టరు తీసి వెలుతురుకి పెట్టి చూడండి, వెలుగు రాకపోతే మార్చేయండి. గాలి కొట్టి మళ్లీ మళ్లీ వాడితే ఆ కాగితం చిరుగుతుంది, దుమ్ము నేరుగా సిలిండర్లోకి వెళుతుంది. మూడు ప్లగ్గులూ విప్పి వరసగా పెట్టండి. కొస లేత గోధుమ రంగులో ఉంటే మంట సరిగ్గా ఉన్నట్టు. పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ వెళుతోంది, తడిగా నూనె ఉంటే ఆ సిలిండర్లోకి ఆయిల్ దిగుతోంది, తెల్లగా ఉంటే పెట్రోలు చాలడం లేదు. ఒక్క ప్లగ్గే మిగతా రెంటికి భిన్నంగా ఉంటే ఆ సిలిండర్ ప్లగ్ వైరు మార్చి చూడండి. ఎంపీఎఫ్ఐలో ప్లగ్ గ్యాప్ 1.0 నుంచి 1.1 మిల్లీమీటర్లు, కార్బురేటర్ బండిలో 0.7 నుంచి 0.8. ఇన్‌టేక్ మానిఫోల్డు (ఇంజిన్‌కి గాలి వెళ్లే దారి) నుంచి, అక్కడి ఒత్తిడిని కంప్యూటర్‌కి చెప్పే మ్యాప్ సెన్సారుకి వెళ్లే సన్నని రబ్బరు గొట్టం చివర పగిలిందేమో వంచి చూడండి. ఆ చిన్న పగులు వల్ల కంప్యూటర్ లెక్క తప్పి, అవసరం లేని పెట్రోలు పోస్తుంది. గాలిని అదుపుచేసే థ్రాటిల్ బాడీలో పేరుకున్న నల్లటి జిడ్డుని క్లీనర్‌తో తుడిపించండి.

రింగుల మాట ఆఖరున, అదీ కంప్రెషన్ (పిస్టన్ నొక్కినప్పుడు సిలిండర్లో వచ్చే ఒత్తిడి) చూశాకే. ముందు ట్యాపెట్లు (వాల్వుల సందు) సెట్ చేయించాలి. బిగుసుకున్న వాల్వు పూర్తిగా మూసుకోదు, మంచి ఇంజిన్లో కూడా కంప్రెషన్ తక్కువ చూపిస్తుంది. ఇంజిన్ వేడి మీద మూడు ప్లగ్గులూ తీసేసి, ఇగ్నిషన్, ఇంజెక్టర్ల కనెక్షన్లు విడదీసి, ఒక్కో ప్లగ్ రంధ్రంలో కంప్రెషన్ గేజ్ పెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి, ఐదారు తిప్పుల సెల్ఫ్ కొట్టించండి. బ్యాటరీ నిండుగా ఉండాలి. సిలిండర్ల మధ్య తేడా చదరపు సెంటీమీటరుకు ఒక కేజీ, అంటే సుమారు 14 పీఎస్ఐ, దాటకూడదు. తక్కువ వచ్చిన సిలిండర్లో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. రీడింగ్ పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వు. పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లూ సమానంగా పడిపోతే ఆ రెంటి మధ్య హెడ్ గ్యాస్కెట్ (హెడ్డుకీ బ్లాకుకీ మధ్య ఉండే సీలు) పోయి ఉంటుంది. ఈ మూడు అంకెలూ కాగితం మీద రాసి చూపించకుండా ఇంజిన్ విప్పుతామంటే విప్పనివ్వకండి.

ప్రశ్న: 1999 మోడల్. ఎండాకాలంలో ట్రాఫిక్‌లో ఆగితే టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దగ్గరికి వెళుతోంది. రేడియేటర్లో మా బోరు నీళ్లే పోస్తాను. రెండేళ్ల క్రితం మెకానిక్ థర్మోస్టాట్ తీసేశారు. అది ఉంటేనే వేడెక్కుతుందన్నారు.
– ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: మీ బండి వేడెక్కడానికి పెద్ద కారణం ఆ బోరు నీళ్లే. ఉప్పదనం ఎక్కువున్న నీళ్లు మరిగే గిన్నె అడుగున తెల్లటి పొర కడతాయి కదా, అదే పొర రేడియేటర్ సన్నటి గొట్టాల్లోనూ, హెడ్డు చుట్టూ ఉన్న దారుల్లోనూ కడుతుంది. ఆ పొర వేడిని బయటికి పోనివ్వదు. థర్మోస్టాట్ తీసేయడం దీనికి మందు కాదు. ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపు నీళ్లని రేడియేటర్‌కి పోకుండా ఆపి, 80 డిగ్రీలు దాటాక తెరుచుకోవడమే దాని పని. అది లేకపోతే చలికాలం పొద్దున ఇంజిన్ తొందరగా వేడెక్కదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, సిలిండర్ అరుగుదల పెరుగుతుంది. ఇరుక్కుపోయిన థర్మోస్టాట్‌ని మార్చాలి గానీ, ఆ చోటు ఖాళీగా వదిలేయకూడదు.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక మూత తీసి, రేడియేటర్ కింది డ్రెయిన్ తెరిచి నీళ్లు వదిలేయండి. పైపు పెట్టి, తేటగా వచ్చేదాకా కడగండి. పొర గట్టిగా ఉంటే రేడియేటర్ విప్పి పనివాళ్ల దగ్గర రాడ్డింగ్ (గొట్టాల్లో కడ్డీలు దూర్చి పొర తీయడం) చేయించడమో, కోర్ మార్చడమో తప్పదు. కొత్త థర్మోస్టాట్‌ని కొత్త గ్యాస్కెట్‌తో బిగించేటప్పుడు, దాని అంచున ఊగే చిన్న పిన్ను పైకి ఉండేలా చూడాలి. ఇరుక్కున్న గాలి అందులోంచే పోతుంది. ఆ తర్వాత కూలెంట్ సగం, డిస్టిల్డ్ వాటర్ సగం కలిపి పోసి, మూత తీసే ఉంచి ఇంజిన్ ఐడిలింగ్‌లో నడపండి. మట్టం దిగినకొద్దీ పోస్తూ, బుడగలు ఆగాక మూత బిగించండి.

ఆ మూత సంగతి చాలామంది పట్టించుకోరు. లోపల ఒత్తిడి 0.9 కేజీల దాకా నిలిపి, నీళ్లు వంద డిగ్రీల దగ్గర మరగకుండా ఆపేది అదే. రబ్బరు గట్టిపడి పగిలితే మూత మార్చండి.

ఆగినప్పుడే వేడెక్కుతోందన్నారు కాబట్టి ఫ్యాన్‌ని కూడా అనుమానించాలి. బండి ఆపి ఇంజిన్ నడుస్తుండగా పదిహేను నిమిషాలు చూడండి. ముల్లు సగం దాటినా ఫ్యాన్ తిరగకపోతే, మీది కార్బురేటర్ మోడల్ అయితే ఇగ్నిషన్ ఆన్‌లో ఉంచి, థర్మో స్విచ్ కనెక్టర్ తీసి రెండు కొసలూ వైరు ముక్కతో కలపండి. చేతులు రెక్కలకి దూరంగా ఉండాలి. అప్పుడు తిరిగితే స్విచ్ పోయినట్టు. తిరగకపోతే ఫ్యూజు, రిలే, మోటారు వరసగా చూడాలి.

ఒక హెచ్చరిక. ముల్లు ఎర్ర గీత దాటాక ఎప్పుడైనా నడిపి ఉంటే, ఆయిల్ మూత తీసి లోపలివైపు చూడండి. మజ్జిగ మీద మీగడలాంటి తెల్లటి జిడ్డు ఉంటే నీళ్లు ఆయిల్లో కలుస్తున్నాయేమో. డిప్‌స్టిక్ మీదా అదే కనిపించినా, రేడియేటర్లో ఆగకుండా బుడగలు వస్తున్నా బండి కదపకండి. హెడ్ అల్యూమినియంది, వంగిపోతుంది. విప్పినప్పుడు స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి ఫీలర్ గేజ్‌తో చూడాలి. 0.05 మిల్లీమీటర్లకు మించి సందు ఉంటే ఫేసింగ్ (హెడ్డుని చదును చేయడం) చేయించకుండా గ్యాస్కెట్ ఒక్కటే మారిస్తే నెల తిరక్కుండా మళ్లీ పోతుంది.

ప్రశ్న: 1996 కార్బురేటర్ మోడల్. ఈ20 పెట్రోలు (20 శాతం ఇథనాల్ కలిపింది) వచ్చాక పొద్దున స్టార్ట్ అవడం కష్టమైంది, యాక్సిలరేటర్ తొక్కగానే ఒకసారి తడబడుతోంది. పాత బండ్లు పక్కన పెట్టేయాల్సిందేనా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: పక్కన పెట్టనక్కర్లేదమ్మా. రెండు పనులు మాత్రం తప్పవు. ఇథనాల్ తనలోనే ఆక్సిజన్ తెచ్చుకుంటుంది. అంటే అదే గాలికి ఇంకొంచెం ఎక్కువ ఇంధనం కావాలి. సెన్సారు ఉన్న ఎంపీఎఫ్ఐ దాన్ని కొంతవరకు సర్దుకుంటుంది, కార్బురేటర్ సర్దుకోలేదు. అందుకే మిశ్రమం పలచబడి మీరు చెప్పిన లక్షణాలు వస్తాయి. కార్బురేటర్ విప్పించి శుభ్రం చేయించాక, పొల్యూషన్ మెషిన్ పెట్టి సీఓ (కార్బన్ మోనాక్సైడ్) రీడింగ్ చూస్తూ మిక్చర్ స్క్రూ సెట్ చేయించండి. తర్వాత 200 కిలోమీటర్లు తిరిగి ప్లగ్గులు చూడండి. ఇంకా తెల్లగా ఉంటే మెయిన్ జెట్ (కార్బురేటర్లో పెట్రోలు వచ్చే రంధ్రం) ఒక సైజు పెంచాలి. పలచటి మిశ్రమంతో హైవే మీద గట్టిగా నడిపితే ఎగ్జాస్ట్ వాల్వులు కాలిపోతాయి, అందుకే దీన్ని వాయిదా వేయవద్దు.

రెండో పని రబ్బరుది. ఆనాటి పెట్రోలు గొట్టాలు, కార్బురేటర్ గ్యాస్కెట్లు, మెకానికల్ పంపులోని డయాఫ్రమ్ ఇంత ఇథనాల్ కోసం తయారైనవి కావు. ఉబ్బడం, మెత్తబడి పగలడం జరుగుతుంది. వేడి ఇంజిన్ పక్కన పెట్రోలు కారితే మంటే. ట్యాంకు నుంచి కార్బురేటర్ దాకా గొట్టాలన్నీ మార్పించండి, గొట్టం మీద ఎస్‌ఏఈ జె30 ఆర్9 అని ఉందో లేదో చూసి కొనండి. ఇథనాల్ ట్యాంకులోని పాత జిడ్డునీ తుప్పునీ కదిలించి ముందుకు తోస్తుంది కాబట్టి, ఫిల్టరు ఇప్పుడొకటి, 500 కిలోమీటర్ల తర్వాత ఇంకొకటి మార్చండి. అది గాలిలోని తేమని కూడా పీల్చుకుంటుంది. అందుకని ట్యాంకు సగం ఖాళీగా ఉంచి బండిని నెలల తరబడి నిలపకండి.

మైలేజీ కొంత తగ్గడం మాత్రం రోగం కాదు. లీటరు ఇథనాల్లో ఉండే శక్తి పెట్రోల్లో ఉండేదాంట్లో మూడింట రెండొంతులే. లెక్క ప్రకారం ఆరేడు శాతం పోతుంది. 15 ఇచ్చేది 14 ఇస్తే ఊరుకోండి, 12కి దిగితే వెతకండి.

ప్రశ్న: పికప్ కోసం ట్యాంకులో వేసే బిళ్లలు, పెట్రోలు పైపుకి కట్టే అయస్కాంతం, ఓపెన్ ఎయిర్ ఫిల్టర్ పనిచేస్తాయా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: బిళ్లలు, అయస్కాంతం డబ్బు దండగ. ఓపెన్ ఫిల్టరు ఇంజిన్ గదిలోని వేడి గాలిని పీల్చుకుంటుంది, మోత పెరుగుతుంది తప్ప బలం పెరగదు. దాదాపు 650 కిలోల బండిలో డిక్కీలోని పాత సామాను 30 కిలోలు దించితే తేడా మీకే తెలుస్తుంది. ఆ డబ్బుతో మంచి ప్లగ్గులు, వైర్లు కొనుక్కోండి.

ప్రశ్న: నా బండి ఆర్‌సీ గడువు మూడోసారి అయిపోతోంది. ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ పరీక్షకి) వెళ్లే ముందు ఏం సిద్ధం చేసుకోవాలి?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: సొంత కారుకి మొదటి 15 ఏళ్ల తర్వాత ప్రతి ఐదేళ్లకీ ఫారం 25తో రెన్యువల్ చేయించాలి. గడువుకి 60 రోజుల ముందు నుంచి దరఖాస్తు పెట్టవచ్చు. 2025 ఆగస్టులో కేంద్రం ఫీజు పెంచింది. 20 ఏళ్లు దాటిన కార్లకి 10,000 రూపాయలు, జీఎస్టీ అదనం. గ్రీన్ ట్యాక్స్ వేరే. పొల్యూషన్ సర్టిఫికెట్, బీమా చెల్లుబాటులో ఉండాలి.

పొల్యూషన్ పరీక్షలో భారత్ స్టేజ్ 2 కాలుష్య నిబంధనలకి ముందరి పెట్రోలు కార్లకి సీఓ 3 శాతం, హైడ్రోకార్బన్లు (కాలని పెట్రోలు ఆవిరి) 1500 పీపీఎం వరకు ఒప్పుకుంటారు. స్టేజ్ 2, 3 కార్లకి 0.5 శాతం, 750 పీపీఎం. సీఓ ఒక్కటే ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ పోతోంది. హైడ్రోకార్బన్లు ఒక్కటే ఎక్కువైతే ఏదో సిలిండర్ మిస్సింగ్ కొడుతోంది, ప్లగ్గుల దగ్గర మొదలుపెట్టండి. పరీక్షకి కనీసం పది కిలోమీటర్లు నడిపి వేడి ఇంజిన్‌తో వెళ్లండి.

మీది సముద్రం పక్కన ఊరు కాబట్టి తుప్పు చూసుకోవాలి. కాళ్ల దగ్గరి మ్యాట్లు ఎత్తి, స్క్రూడ్రైవర్ పిడితో ఫ్లోరంతా తట్టండి. మెత్తటి చప్పుడు వచ్చినచోట రేకు తినేసింది. దాని మీద తారు పూసి కప్పితే కింద తుప్పు ఇంకా వేగంగా పాకుతుంది. కుళ్లిన రేకు కోయించి, కొత్త రేకు వెల్డింగ్ చేయించి, ప్రైమర్ వేశాకే కోటింగ్ వేయించాలి. నాలుగు తలుపుల అడుగు అంచున ఉండే నీటి రంధ్రాలు మట్టితో మూసుకుపోతాయి, సైకిల్ పుల్లతో పొడిచి తెరవండి. వాన నీళ్లు తలుపులో నిలబడితే రెండు వానాకాలాలు చాలు, అంచు రాలిపోవడానికి.